సాయంత్రం రాగాలే నేర్పాను

మొన్నామధ్య కంచికచర్ల నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హిందుస్తానీ గాత్రంలో డిప్లొమా చేసిందట, ఊళ్లోనే క్లాసు పెట్టబోతోందట. నేను నందిగామలో ముప్పై నాలుగేళ్లు నేర్పానని ఎవరో చెప్పారట, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని అడిగింది. గది ఎక్కడ చూసుకోవాలి, బ్యాచ్‌కి ఎంతమందిని పెట్టుకోవాలి, బోర్డు మీద ఏం రాయించాలి, ఇవన్నీ గడగడా చెప్పేసి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నామీద నాకే చిరాకేసింది. చెప్పాల్సిన ఒక్క సంగతీ చెప్పలేదు. నోటితో చెప్పడం నావల్ల కాదు కూడా. అందుకే రాస్తున్నాను.

నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. మూడు శాలువాలు వచ్చాయి, మూడూ బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్నాయి. నేను రాయబోయేది ఒక తప్పు గురించి. అది తెలియాలంటే ముందు ఈ సంగీతం ఏమిటో కాస్త తెలియాలి. తెలిసినవాళ్లు ఆ భాగం వదిలేసి ముందుకి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను.

హిందీ పాటలు కావండీ

బోర్డు పెట్టిన మొదటి వారంలోనే మా ఆయనకి తెలిసిన ఒక లాయరు గారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. మా ఆయన నందిగామ కోర్టులో గుమాస్తా, అందుకని లాయర్లందరికీ మా ఇల్లు తెలుసు. కాలేజీ ఫంక్షన్‌కి రెండు హిందీ సినిమా పాటలు నేర్పమన్నారాయన. ఇది సినిమా పాటల క్లాసు కాదండీ అన్నాను. "మరి హిందుస్తానీ అని రాశారుగా?" అన్నారు. నాకు ముక్కు మీద కోపం. ఏమన్నానో గుర్తులేదు గానీ ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఆ నెలంతా మా ఆయన కోర్టులో తల దించుకుని తిరిగారు.

మన ప్రాంతంలో సంగీతం అంటే కర్ణాటక సంగీతమే. కృతి ఉంటుంది, పల్లవి, అనుపల్లవి, చరణం ఉంటాయి. మా సంగీతంలో పాట చాలా చిన్నది. రెండు ముక్కలు, కలిపితే నాలుగు వరుసలు. దాన్ని బందిష్ అంటాం. ఆ నాలుగు వరుసలు పాడటానికి రెండు నిమిషాలు చాలు. మిగతా ముప్పావు గంటా పాడేవాళ్లు అప్పటికప్పుడు కట్టుకుంటూ పోవాల్సిందే.

మొదట 'స' పట్టుకోవాలి. తాన్పురా అని, మన తంబురా లాంటిదే, వెనక మోగుతూ ఉంటుంది. మన గొంతుకి ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ మన 'స' పెట్టుకుని, దాని మీద నిలబడటం నేర్చుకోవాలి. చెప్తే తేలికే. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో సగం మంది ఈ 'స' దగ్గరే విసుగొచ్చి పారిపోయారు. మూడు నెలలైనా ఒక్క పాటైనా నేర్పలేదేంటని తల్లులు పోట్లాటకొచ్చేవాళ్లు.

ఆ తరవాత రాగం. ఆరోహణ, అవరోహణ అప్పజెప్తే రాగం వచ్చినట్టు కాదు. ఏ స్వరం దగ్గర ఆగాలి, దేన్ని ఊరికే తాకి వదలాలి, దేన్ని చివరిదాకా దాచాలి అన్నది రాగం. ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని ముందు వరండాలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తరవాతే లోపలి గదుల్లోకి తీసుకెళ్తాం కదా. అలా నెమ్మదిగా, తబలా లేకుండా, రాగాన్ని తెరవడాన్ని ఆలాపన అంటాం. తబలా అందుకున్నాక, బందిష్‌ని పట్టుకుని పెంచుకుంటూ పోయే ఖయాల్ నిదానంగా ఒకటి, తరవాత వేగంగా ఒకటి. ఇంతే. దీనికి ఒక జీవితం పడుతుంది.

కర్ణాటకం తెలిసినవాళ్ల కోసం చెప్తున్నాను. మా యమన్ మీ కల్యాణికి దగ్గర, మా భూపాలీ మీ మోహనకి, మా భైరవ్ మీ మాయామాళవగౌళకి. స్వరాలు అవే అయినా నడకలు వేరు.

ఇంకొక సంగతి ఉంది. మాలో ప్రతి రాగానికీ ఒక వేళ ఉంటుంది. భైరవ్ తెల్లవారుజామున పాడాలి, తోడీ ఎండ ఎక్కుతుండగా, భీంపలాసి మధ్యాహ్నం వాలాక, యమన్ దీపాలు పెట్టే వేళ. మీలోనూ ఇలాంటివి ఉన్నాయంటారు గానీ ఈ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మావాళ్లు పట్టించుకుంటారు. అందరికంటే ఎక్కువ పట్టించుకున్నది నేను.

ఖాన్ సాబ్

మా నాన్న జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవమని నన్ను హైదరాబాదులో మా పిన్ని ఇంటికి పంపించాడు. పిన్నివాళ్ల పక్క సందులో ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ ఖాన్ సాబ్ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. తెల్లవారుతుండగా ఆయన గొంతు వినపడేది. నేను కిటికీ దగ్గర నిలబడి పళ్లు తోముకోవడం మర్చిపోయేదాన్ని. ఇది చూసి పిన్నే నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది.

రేపు పొద్దున ఐదున్నరకి రమ్మన్నారు. నాలుగేళ్లు వెళ్లాను. పొద్దున్నే కింది స్థాయి స్వరాల మీద అరగంట నిలబెట్టేవారు, ఆ తరవాత భైరవ్. ఒక ఏడాది మొత్తం భైరవే. సాయంత్రాలు వేరే శిష్యులు వచ్చేవాళ్లు, నేనూ వెళ్లి వెనక కూర్చునేదాన్ని. యమన్, భూపాలీ అలా వచ్చాయి.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ల వంటింట్లో టీ గ్లాసులు కడుగుతూ, తెలియకుండానే భైరవ్ కూనిరాగం తీశాను. ఆయన లోపలికి వచ్చి కుళాయి కట్టేశారు. "వేళ కాని వేళ పిలిస్తే రాగం రాదు బేటీ. వచ్చిందని నువ్వు అనుకుంటావు, అంతే" అన్నారు. వారం రోజులు రావద్దన్నారు. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు. అప్పుడు ఎముకల్లోకి దిగింది ఈ నియమం.

కానీ ఇంకొకటి కూడా జరిగింది. ఆ మరుసటేడు ఆయనకి రేడియోలో రికార్డింగ్ వచ్చింది. తాన్పురా మీటడానికి నన్ను తీసుకెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి, తలుపులన్నీ మూసిన గదిలో కూర్చుని, ఖాన్ సాబ్ భైరవ్ పాడారు. వెనక కూర్చుని నేను తాన్పురా మీటుతూనే ఉన్నాను. వచ్చేటప్పుడు రిక్షాలో ధైర్యం చేసి అడిగేశాను. ఆయన పడీ పడీ నవ్వారు. "ఆకాశంలో సూరజ్ రేడియోలో నౌకరీ చెయ్యడు కదా బేటీ. వాళ్లు పిలిచినప్పుడు పాడాలి" అన్నారు.

వారం రోజులు గెంటేసిన కథ నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. రిక్షాలో నవ్విన కథ ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, మొదటిది చెప్తే పిల్లలు నన్ను భయంగా, గొప్పగా చూసేవాళ్లు.

ఎరువుల షాపు మీద గది

పెళ్లై నందిగామ వచ్చాను. బస్టాండుకి దగ్గర్లో ఎరువుల షాపు మీద ఒక గది దొరికింది. గుండె నిండా ఊపిరి తీసుకుని 'స' అందామంటే పురుగుమందు వాసన. అయినా ఆ గదిలోనే ముప్పై నాలుగేళ్లూ నడిచింది. స్కూళ్లూ కాలేజీలూ వదిలాక సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా క్లాసు. ముందు భీంపలాసి, లైట్లు వేశాక యమన్, భూపాలీ. పొద్దుటి రాగాలు పొద్దున్నే నేర్పుతాను, తయారయ్యాక చెప్తాను అని అందరికీ చెప్పేదాన్ని. ఎవరూ తయారవలేదు. తయారయ్యారని చెప్పాల్సింది నేనే కాబట్టి.

పొద్దున పూట నాకు కుదరదని ఇంట్లో పనుల మీద పెట్టేదాన్ని. అది అబద్ధం. "పొద్దున్నే క్లాసు పెట్టుకో, నేను ఉప్మా చేసుకుంటాలే" అని మా ఆయన ఎన్నోసార్లు అన్నారు. ఆయన ఉప్మా బాగానే చేస్తారు కూడా. నాకే లేవాలని లేదు. పొద్దున్నే కాఫీ, పేపరు, కిటికీ పక్కన కుర్చీ, అది నాకు ఇష్టం. ఆ ఇష్టానికి శాస్త్రం అని పేరు పెట్టాను.

జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూలుకి వారానికి రెండు రోజులు వెళ్లేదాన్ని. ఆ స్కూలు కరస్పాండెంటు మహా గడుసు మనిషి. పొద్దున తొమ్మిదిన్నరకి నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, ఏదైనా రాగం నేర్పండి మేడం అన్నాడు. ఈ వేళకి నా రాగాలు కుదరవండీ అని, వాళ్లకి దేశభక్తి గీతాలు నేర్పి వచ్చేశాను. "మా స్కూలుకి టైంటేబులుంది సరే, మీ రాగాలకీ ఉందా మేడం?" అని నవ్వాడు. ఉందండీ అని గొప్పగా చెప్పాను. ఇంటికొచ్చి మా ఆయన దగ్గర అతన్ని మొరటు మనిషని తిట్టాను.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. తొమ్మిదిన్నర అంటే బిలావల్ పాడే వేళ. పిల్లలకి నేర్పడానికి అంత సులువైన రాగం ఇంకోటి లేదు. వేళ కుదిరింది, పిల్లలు ఉన్నారు, గది ఉంది, నేర్పమని అడిగిన మనిషి ఉన్నాడు. అయినా నేర్పలేదంటే అడ్డం వచ్చింది వేళ కాదు. ఆ మాట నన్ను నేను ఆ రోజే అడగాల్సింది.

రజియా

చిల్లకల్లులో హైవే పక్కన మస్తాన్ గారికి పంక్చర్ షాపు ఉంది. ఆయన కూతురు రజియా. ఎనిమిదో క్లాసులో ఉండగా ఆయనే బస్సెక్కించి తీసుకొచ్చాడు. చేతులకి గ్రీజు మరకలతోనే వచ్చి, గది గుమ్మం బయటే నిలబడిపోయాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. "మా పిల్ల పాడుద్ది మేడం. మాకు ఇయ్యన్నీ తెలవదు. మీరే చూడాల" అన్నాడు.

ఏదన్నా పాడమంటే ఆ పిల్ల పాడలేదు. నా తాన్పురా మోత కాసేపు విని, నోరు తెరిచి 'స' అంది. అంతే. నేను మీటడం ఆపేశాను. ఎవరు నేర్పారని అడిగితే, షాపులో గాలి కొట్టే కంప్రెసర్ ఆడుతున్నప్పుడు దాని మోతలో గొంతు కలుపుతుంటానని చెప్పింది. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ముప్పై నాలుగేళ్లలో అలాంటి గొంతు నాకు ఇంకొకటి దొరకలేదు. ఈ మాట ఆ పిల్లకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కుతుందనుకున్నాను.

తొమ్మిదేళ్లు నేర్చుకుంది. వారానికి నాలుగు రోజులు బస్సులో రావడం, పోవడం. పరీక్షలప్పుడు కూడా మానలేదు. యమన్ ఆమె పాడుతుంటే కింద ఎరువుల బస్తాలు మోసేవాళ్లు మెట్ల మీద కూర్చుని వినేవాళ్లు.

పొద్దుటి రాగం నేర్పమని రజియా నన్ను మూడుసార్లు అడిగింది. మూడూ నాకు బాగా గుర్తు.

మొదటిసారి ఇంటర్‌లో. ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరితే ఆరింటికల్లా నందిగామలో ఉంటానంది. ముందు యమన్ పూర్తిగా కుదరనివ్వు అన్నాను. ఆమె యమన్ అప్పటికే నా యమన్ కంటే బాగుంది.

రెండోసారి డిగ్రీలో. ఫోన్లో భైరవ్ వింటున్నానని, తనంతట తను పాడి చూసుకోవచ్చా అని అడిగింది. గయ్యిమని లేచాను. ఫోన్లో విని నేర్చుకుంటే తప్పులు గొంతులో పాతుకుపోతాయి, నేను నేర్పేదాకా ముట్టుకోవద్దన్నాను. ముట్టుకోలేదు. మాట వినే పిల్ల. వినకపోయినా బాగుండేది.

మూడోసారి దరఖాస్తు పెట్టినప్పుడు. మహారాష్ట్రలో ఒక సంగీత కళాశాల ఉంది. అందులో సీటు వస్తే హాస్టలు, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు, పెద్ద పెద్ద గురువుల ముందు కూర్చోవచ్చు. దానికి వయసు పరిమితి ఉంది. రజియాకి ఆ ఏడే ఆఖరు. పాడి వినిపించే పరీక్షకి పిలుపు వచ్చింది, ఇంకా రెండు నెలలు టైముంది. పొద్దుటి రాగం ఒక్కటైనా ఉండాలేమో మేడం అని అడిగింది. భీంపలాసి, యమన్ గట్టిగా ఉన్నాయి, చాలు, పరీక్షలు సాయంత్రం దాకా నడుస్తాయిలే అన్నాను. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది చెప్పాను.

రెండు నెలల్లో భైరవ్ నేర్పగలను. ఆ పిల్లకైతే ఒక్క నెల చాలు. ఆ రెండు నెలల్లోనూ ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు అనుకునేదాన్ని, పొద్దున్నే లేచి తాన్పురా ముందు కూర్చుని, అసలు నా భైరవ్ నాకు ఉందో లేదో చూసుకోవాలి అని. తెల్లారాక కాఫీ కలుపుకునేదాన్ని. మర్చిపోయానేమో అన్న భయం అప్పటికే ఉంది. ఒక్క పొద్దున కూర్చుంటే తేలిపోయేది. తేలుతుందనే కూర్చోలేదు.

తొమ్మిదింపావు

షాపు రెండు రోజులు మూసి మస్తాన్ గారే వెంట వెళ్లాడు. హైవే మీద టీ కొట్టు నుంచి వెల్డింగ్ షాపు దాకా అందరికీ చెప్పుకుని మరీ వెళ్లాడట. తిరిగొచ్చాక తండ్రీ కూతుళ్లు ఇంటికి కూడా పోకుండా, సంచులతో నేరుగా మా ఇంటికి వచ్చారు.

జరిగింది రజియా చెప్పింది. పొద్దున తొమ్మిదింపావుకి పేరు పిలిచారు. ఎదురుగా ముగ్గురు. ఈ వేళకి తగిన రాగం ఏదైనా పాడమన్నారు. పొద్దుటి రాగాలు రావని చెప్పింది. వాళ్లలో ఒక పెద్దావిడ, ఫరవాలేదమ్మా, వచ్చింది పాడు అని, కాగితం చూసి, యమన్ అని రాశావుగా, అదే పాడు, వింటాం అందట. రజియా పాడలేదు. అది సాయంత్రం రాగమండీ, ఇప్పుడు పాడకూడదు అందట. ఆవిడ మళ్లీ అడిగిందట, బతిమాలినట్టే. మా మేడం ఒప్పుకోరు అని చెప్పిందట. సాయంత్రం దాకా ఆగుతానంది. పరీక్షలు మధ్యాహ్నానికల్లా అయిపోతాయన్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఇంకొకరి పేరు పిలిచారు.

ఇదంతా చెప్తూ ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. మస్తాన్ గారు కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మొహంలో బాధ లేదు. గర్వం ఉంది.

"వాళ్లు అన్నిసార్లు అడిగినా పాడలేదండి మా పిల్ల," అన్నాడు. "మీ మాట పోనియ్యలేదు."

రిక్షాలో ఖాన్ సాబ్ నవ్విన సంగతి అప్పుడు చెప్పాల్సింది. పిచ్చిపిల్లా, పాడితే ఏమయ్యేది, మా గురువే పాడాడు, అని చెప్పి, నేను నీకు సగమే నేర్పానని ఒప్పుకుని, తండ్రికీ కూతురికీ దణ్ణం పెట్టాల్సింది. కానీ అది చెప్తే ఆ పిల్ల చేసింది ఎందుకూ పనికిరాని పని అయిపోతుంది. దానికి కారణం నేనవుతాను. ఆ క్షణంలో నాకు నా పరువే కనిపించింది.

"మంచి పని చేశావమ్మా" అన్నాను.

రజియా తల ఊపింది. కాఫీ తాగి వెళ్లిపోయారు. మా ఆయన వంటింట్లోంచి అంతా విన్నారు.

సీటు రాలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆ తరవాత రెండు నెలలు క్లాసుకి వచ్చింది. తరవాత ఇంట్లో పని అని కొన్నాళ్లు మానేసింది. ఆ కొన్నాళ్లు అలాగే సాగాయి. పెళ్లైందని, జగ్గయ్యపేటలో ఉంటోందని తెలిసింది. పెళ్లికి పిలిచారు, నేను వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పించాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఒక మాట చెప్పాలి. మంచి గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లకే ఎక్కువ చెప్పాలి. మీ గురువు కోప్పడ్డ రోజుల్ని మీ శిష్యులకి చెప్తారు, అది అందరూ చేసే పనే. ఆయన నవ్విన రోజులు, నియమం సడలించిన రోజులు కూడా చెప్పండి. మీకు రానిదేదన్నా ఉంటే రాదని చెప్పండి, ఇంకో గురువు దగ్గరికి పంపండి. నాకు అప్పట్లో తెలిసిన గురువులు విజయవాడలో ఇద్దరు ఉన్నారు. ఒక్క చీటీ రాసి పంపితే రజియాకి భైరవ్ నేర్పేవాళ్లు. నా శిష్యురాలు ఇంకొకరి ముందు కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే కారణం ఏమీ లేదు. సంగీతం చెప్పేవాళ్లలో ఈ జబ్బు చాలామందికి ఉంది, పైకి భక్తి అంటాం.

జగ్గయ్యపేటలో ఒక పొద్దున

మోకాళ్లు మెట్లెక్కనివ్వక రెండేళ్ల కిందట క్లాసు మూసేశాను. పోయిన ఏడాది జగ్గయ్యపేటలో మా పెదనాన్న మనవడి గృహప్రవేశానికి వెళ్లాను. ముహూర్తం తెల్లవారుజామున. అది అయ్యాక, ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకామె కనిపించి, రజియా రెండు సందుల అవతలే ఉంటోందని, పొద్దున్నే చిన్నపిల్లలకి సంగీతం చెప్తోందని చెప్పింది. నేను టిఫిన్‌కి కూర్చోకుండా లేచాను.

ఏడు దాటింది. మెట్ల కింద చిన్న చిన్న చెప్పులు. పైనుంచి పాట వినపడుతోంది. యమన్. ఆ రాగాన్ని గుర్తు పట్టించే తీవ్ర మధ్యమం, అంటే ఎత్తు 'మ', తగలగానే నాకు మొట్టమొదట వచ్చింది కోపం. దాచడమెందుకు, కోపమే వచ్చింది. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లాను.

పదకొండు మంది పిల్లలు స్కూలు యూనిఫాంలలో కూర్చుని ఉన్నారు, సంచులు గోడకి ఆనించి ఉన్నాయి. తాన్పురా లేదు, ఫోన్లో మోగుతోంది. రజియా నన్ను చూసి గబుక్కున లేచి, రండి మేడం అని కుర్చీ జరిపింది. కొంచెం ఒళ్లు చేసింది. మస్తాన్ గారు బాగున్నారట, షాపు తమ్ముడు చూసుకుంటున్నాడట. ఇవన్నీ అయ్యాక నేను ఆగలేక అడిగాను.

"పొద్దున్నే యమనా?"

"పిల్లలు ఖాళీగా ఉండేది ఇప్పుడేనండి," అంది. "నాకొచ్చినవి ఇవే కదా మేడం."

దెప్పిపొడుపు లేదు ఆ మాటలో. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దెప్పి ఉంటే తట్టుకునేదాన్ని.

అప్పుడు చెప్పాను, పిల్లలందరి ముందే. మధ్యాహ్నం మూడింటికి తలుపులు మూసిన గదిలో ఖాన్ సాబ్ భైరవ్ పాడటం, నేను వెనక కూర్చోవడం, రిక్షాలో ఆయన నవ్వడం. రజియా కదలకుండా విన్నది. ఇది ఎప్పుడు జరిగిందని అడిగింది. నువ్వు పుట్టకముందే అన్నాను. పిల్లలకి ఏమీ అర్థంకాక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

"అయితే నేను ఆ రోజు పాడొచ్చు కదా మేడం."

"పాడొచ్చమ్మా."

తల వంచుకుని చున్నీ కొస సరిచేసుకుంది. నేను తట్టుకోలేకపోయాను. ఇప్పుడే, ఇక్కడే భైరవ్ నేర్పుతాను, వేళ కూడా మించిపోలేదు, కూర్చో అన్నాను. ఆమె వద్దనలేదు. పిల్లల మధ్యన కింద కూర్చుని, రెండో ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టింది. ఆ కూర్చోవడం చూస్తే ఎనిమిదో క్లాసు పిల్లే.

'స' పట్టుకున్నాను. భైరవ్‌లోని కోమల రిషభం, అంటే కిందికి దించిన 'రి', దాని మీద ఆగాను. స్వరం వచ్చింది. బందిష్ మొదటి వరుస పాడాను. రజియా కళ్లు మూసుకుంది. రెండో వరుసకి నోరు తెరిచాను, మాటలు లేవు. మళ్లీ మొదటి వరుస నుంచి వచ్చాను, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా అంతే. ఒక ఏడాది తెల్లవారుజాములన్నీ కూర్చోబెట్టి ఖాన్ సాబ్ నా నోట్లో పెట్టిన పాట అది. ముప్పై నాలుగేళ్లు ఒక్క పొద్దునైనా నేను దాన్ని పలకరించలేదు.

"రావట్లేదు రజియా" అన్నాను.

ఆమె రికార్డింగ్ ఆపింది. ఫరవాలేదు మేడం అని కూడా అనలేదు. అనకపోవడమే న్యాయం. పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లే ఆటో ఎనిమిదింటికి వస్తుందట. రజియా ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి యమన్ మళ్లీ ఎత్తుకుంది. పిల్లలు అందుకున్నారు. కుర్చీ దిగి నేనూ వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చుని వాళ్లతోపాటు పాడాను. ఏడున్నర ఎండ గది మధ్యదాకా వచ్చింది. తీవ్ర మధ్యమం ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆ పిల్ల ఆ రోజు తొమ్మిదింపావుకి పాడి ఉంటే కూడా అక్కడే ఉండేది.